ప్రోగ్రాంలోనే దాగిన మాన్యువల్

మీరు కాలేజీ లాబ్‌లో ఒక ప్రోగ్రాం రాశారనుకోండి. దాన్ని వాడే పద్ధతిని రికార్డు పుస్తకంలో నాలుగు పేజీల్లో వివరించారు. నెల తిరిగాక ప్రోగ్రాంలో ఒక సూత్రం మార్చి, రికార్డు సంగతి మరిచిపోయారు. ఇక ప్రోగ్రాం ఒక మాట, రికార్డు ఒక మాట! రికార్డును నమ్మినవాడు మోసపోతాడు.

బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్ళలో పెరిగిన తెలుగు పిల్లలకు ఇది కొత్త కాకపోవచ్చు. రైళ్ళు నడిపే నియమాల్లో ఏదైనా మారితే 'కరెక్షన్ స్లిప్' వస్తుంది. దాన్ని నియమాల పుస్తకంలో సరైన చోట అంటించాలి. అంటించని పుస్తకం పాత నియమమే చెబుతుంది. ప్రోగ్రాం అయితే రోజుకు పదిసార్లు మారవచ్చు. మరి స్లిప్పులు అంటించేదెవరు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. గణిత గ్రంథాలను అందంగా అచ్చుకూర్చే 'టెక్' అనే ప్రోగ్రాం ఆయనదే. (తర్వాతి కాలంలో దాని సాయంతో తెలుగు అచ్చు కూర్చే ఏర్పాటు కూడా వచ్చింది.) 1980ల తొలినాళ్ళలో టెక్‌ను తిరగరాస్తూ ఆయన 'వెబ్' అనే పద్ధతి రూపొందించాడు. ఇంటర్నెట్టు వెబ్‌తో దీనికి సంబంధం లేదు. అది ఇంకా పుట్టనే లేదు.

ఈ పద్ధతిలో వివరణ, ప్రోగ్రాం ముక్కలు ఒకే ఫైలులో పక్కపక్కనే ఉంటాయి. పాస్కల్ భాష ముందు స్థిరాంకాలు, తర్వాత చలరాశులు, ఆ తర్వాతే ప్రొసీజర్లు రావాలంటుంది. చదివే మనిషికి ఆ వరుస నచ్చాలని ఏముంది? అందుకే క్నూత్ పాఠం చెప్పే వరుసలో రాశాడు. ఆ ఫైలును 'టాంగిల్' అనే సాధనానికి ఇస్తే ముక్కలన్నీ కంపైలర్‌కు కావలసిన వరుసలో చేరతాయి. 'వీవ్' అనే సాధనానికి ఇస్తే విషయసూచికతో సహా అచ్చుకు సిద్ధమైన పుస్తకం వస్తుంది. ఒకటి చిక్కుపెడుతుంది, మరొకటి నేస్తుంది. పేర్లలో ఉన్న చమత్కారం అదే. 1984లో ఈ పద్ధతిని ఆయన 'లిటరేట్ ప్రోగ్రామింగ్' పేరుతో వ్యాసంగా ప్రకటించాడు. 1986లో టెక్ ప్రోగ్రాం మొత్తం ఇలాగే పుస్తకంగా వెలువడింది. పాఠ్యపుస్తకంలా చదువుకోదగిన ప్రోగ్రాం అంతకుముందు చాలా అరుదు.

అయినా ఈ పద్ధతి అందరికీ పట్టుబడలేదు. మంచి ప్రోగ్రామర్ మంచి వ్యాసకర్త కూడా కావాలంటే కష్టమే కదా! తర్వాత వచ్చినవారు తేలిక దారి పట్టారు. 1996లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన మొదటి జావా కిట్‌లో 'జావాడాక్' ఉంది. ఒక స్లాష్, రెండు నక్షత్రాలతో మొదలయ్యే వ్యాఖ్యను ఫంక్షన్ పైన రాస్తే చాలు, దాన్ని ఏరి మాన్యువల్ పేజీలుగా పేరుస్తుంది. 1997లో వచ్చిన 'డాక్సిజెన్' సి ప్లస్ ప్లస్ వారికి అదే సౌకర్యం కల్పించింది.

ఇక్కడొక మెలిక ఉంది. ఫంక్షన్ పేరు, అది పుచ్చుకునే విలువల రకాలు కోడ్ నుంచే వస్తాయి కనుక పాతబడవు. వ్యాఖ్యలోని వాక్యం మాత్రం మనిషి రాసింది. కంపైలర్ దాన్ని చదవకుండా దాటేస్తుంది. 'ఫలితం మీటర్లలో వస్తుంది' అని రాసి, కోడ్‌లో అడుగులకు మార్చినా ఏ సాధనమూ అభ్యంతరం చెప్పదు. పేజీలు ముచ్చటగా ఉంటాయి, సమాచారం తప్పుగా ఉంటుంది. నా దృష్టిలో ఇది మాన్యువల్ అసలు లేకపోవడం కన్నా ప్రమాదం.

పైథాన్ భాషలో దీనికి కొంత విరుగుడు దొరికింది. 2001లో వెలువడిన 2.1వ రూపంలో చేరిన 'డాక్‌టెస్ట్' వివరణలోని ఉదాహరణలను నిజంగానే నడిపి చూస్తుంది. 'రెండును మూడుతో గుణిస్తే ఆరు' అని అక్కడ ఉండి, ప్రోగ్రాం అయిదు ఇస్తే, ఏ వరుసలో తేడా వచ్చిందో చూపిస్తుంది. అయితే అది సరిచూసేది ఉదాహరణలనే. వాటి చుట్టూ ఉన్న వాక్యాలను ఇప్పటికీ మనిషే చదివి దిద్దుకోవాలి.