కాలు తీసేస్తే ప్రాణం దక్కుతుందా? 43 మందితో తేలిన ప్రశ్న

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఆపరేషన్ థియేటర్ చరిత్ర ఇది.

సార్కోమా అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ ‘సార్క్స్’ అంటే మాంసం. కండ, కొవ్వు లాంటి మెత్తని భాగాల్లో పుట్టే అరుదైన కేన్సర్ ఇది. చేతుల్లో, కాళ్లలో ఎక్కువ, అందులోనూ తొడలో.

దీంట్లో ఒక మోసం ఉంది. గడ్డ పెరుగుతూ చుట్టూ ఉన్న కండని నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి దాని మీద తొడుగులాంటిది ఏర్పడుతుంది. సర్జన్ కోస్తే పనసకాయలోంచి తొన ఊడొచ్చినట్టు గడ్డ నీట్‌గా వచ్చేసేది. హమ్మయ్య, అయిపోయింది అనుకునేవారు. కానీ ఆ తొడుగులోనూ, దాని అవతలా కేన్సర్ కణాలు ఉండిపోయేవి. కొన్నాళ్లకి అదే చోట మళ్లీ గడ్డ! అందుకే చాలామంది సర్జన్లు కాలో చెయ్యో మొత్తం తీసేయడమే సేఫ్ అనుకున్నారు. రేడియేషన్‌కి ఈ కేన్సర్ లొంగదని అప్పటి నమ్మకం. అమెరికాలో హెర్మన్ సూట్ అనే రేడియేషన్ డాక్టర్ ఒప్పుకోలేదు. గడ్డ తీసేసి, మిగిలిన కణాలకి రేడియేషన్ ఇస్తే పనిచేస్తుందని చూపించాడు.

సరే, రెండిట్లో ఏది మేలు? 1975లో అమెరికా నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోజెన్‌బర్గ్ టీమ్ ట్రయల్ మొదలుపెట్టింది. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలోనే. ఒక్కసారి ఊహించుకోండి, మీ కాలు ఉంటుందా పోతుందా అన్నది చీటీ తేలుస్తుంది! అయినా 43 మంది చేరారు. 16 మందికి అవయవం తీసేశారు. 27 మందికి గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు. కీమో అందరికీ.

1982లో ఫలితాలు వచ్చాయి. కాలు చేతులు ఉంచినవాళ్లలో నలుగురికి అదే చోట తిరగబెట్టింది. తీసేసినవాళ్లలో ఒక్కరికీ లేదు. ఇక్కడితో ఆగితే పాత సర్జన్లే కరెక్ట్. కానీ ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్ల లెక్క చూస్తే ఉంచినవాళ్లలో 83 శాతం, తీసేసినవాళ్లలో 88 శాతం. లెక్కల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. 43 చిన్న సంఖ్యే, నిజమే. కానీ ఈ కేన్సర్ ఎక్కువగా ప్రాణం తీసేది ఊపిరితిత్తులకి పాకి. కణాలు అప్పటికే అక్కడికి చేరి ఉంటే, కాలు తీసి ఏం లాభం?

ఇప్పుడు పెద్ద సెంటర్లలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కాలూ చెయ్యీ నిలుస్తున్నాయి. పాత తప్పు మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది. నొప్పి లేదు కదా, కొవ్వుగడ్డేలే అని స్కాన్ కూడా లేకుండా తీయించేసుకోవడం. 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా ముందు ఎంఆర్ఐ, తర్వాత సూదితో బయాప్సీ. కత్తి ఆ తర్వాతే.