రబ్బరు కోసం పుట్టిన వేగ పరిమితి

1942లో అమెరికాలో గంటకు 35 మైళ్లకు, అంటే సుమారు 56 కిలోమీటర్లకు, మించి కారు నడపకూడదని దేశమంతటికీ ఒకే హద్దు పెట్టారు. దానికి ‘విక్టరీ స్పీడ్’ అని పేరు. అది పెట్రోలు కరువై పెట్టింది కాదు. అమెరికాకు కావలసిన సహజ రబ్బరులో తొంభై శాతానికి పైగా ఆగ్నేయాసియా నుంచి వచ్చేది. మలయా, డచ్ ఈస్టిండీస్ తోటలు జపాన్ చేతికి చిక్కడంతో సైన్యం వాహనాలకు టైర్లు ఎక్కడి నుంచి తేవాలన్నది ప్రాణసంకటమై కూర్చుంది. బెర్నార్డ్ బరూక్ అధ్యక్షతన వేసిన సంఘం, జనం కార్లు నెమ్మదిగా నడిపితే టైర్లు తక్కువ అరుగుతాయి, అసలు తక్కువ నడిపితే ఇంకా మేలు అని తేల్చింది. ఆ ఏడాది డిసెంబరులో దేశమంతటా వచ్చిన పెట్రోలు రేషను కూడా నిజానికి రబ్బరు కోసమే. పెట్రోలు చేతికి అందకపోతే టైరు దానంతటదే మిగులుతుందన్నది లెక్క. యుద్ధం ముగియగానే ఆ హద్దూ పోయింది. ఒక సరుకుకు కటకట వచ్చింది, వేగానికి పగ్గం వేశారు, కటకట తీరాక విప్పేశారు. ఈ సంగతిలో తర్వాత వచ్చినవాళ్లు మరిచిపోయింది ఈ చివరి మెట్టునే.

1973 అక్టోబరు యుద్ధంలో ఇజ్రాయెల్‌ను బలపరిచినందుకు అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో పీపా ధర దాదాపు నాలుగింతలైంది. పశ్చిమ జర్మనీ నాలుగు ఆదివారాలు కార్లనే రోడ్డెక్కనివ్వలేదు, హద్దే ఎరగని ఆటోబాన్ మీద కొన్ని నెలలు 100 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. బ్రిటన్ 50 మైళ్లకు దిగింది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ మొదట కార్లకు 50, లారీలకు, బస్సులకు 55 మైళ్లు అన్నాడు. తమ గేర్లు అంతకన్నా తక్కువ వేగానికి కుదరవని, డీజిలు ఇంకా ఎక్కువ తాగుతుందని లారీవాళ్లు గట్టిగా వాదించారు. చివరకు అందరికీ 55 (సుమారు 88 కిలోమీటర్లు) అన్న చట్టం మీద 1974 జనవరి 2న నిక్సన్ సంతకం పెట్టాడు. వేగ పరిమితి రాష్ట్రాల హక్కు కాబట్టి కేంద్రం నేరుగా ఆజ్ఞ వేయలేదు. ఒప్పుకోని రాష్ట్రానికి హైవే నిధులు రావంది, అంతే. మార్చిలో అరబ్బు దేశాలు ఆంక్ష ఎత్తేశాయి. చట్టం మాత్రం పోలేదు. మరుసటి జనవరిలో, నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ దాన్ని శాశ్వతం చేశాడు. సంతకం పడిన రెండున్నర నెలల్లో తీరిన ఇబ్బందికి వేసిన పగ్గం ఇరవై ఒక్క ఏళ్లు బిగిసే ఉంది.

ఈ చట్టం వెనక ఉన్న భౌతికశాస్త్రంలో తప్పేమీ లేదు. 40, 50 కిలోమీటర్ల వేగంలో ఇంజను ఎక్కువగా టైర్ల రాపిడితోనూ తన లోపలి నష్టాలతోనూ పెనుగులాడుతుంది. 80 దాటాక అసలు ప్రత్యర్థి గాలి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 100 నుంచి 120కి వెళ్తే వేగం ఐదో వంతే హెచ్చుతుంది గానీ, గాలిని చీల్చుకుపోవడానికి ప్రతి కిలోమీటరుకూ పడే శ్రమ 44 శాతం హెచ్చుతుంది. కొత్త కార్ల నునుపు దేహం ఈ భారాన్ని తగ్గించిందే తప్ప ఆ వర్గం లెక్కను మార్చలేదు. కాబట్టి ‘ఇప్పటి కార్లకు ఈ లెక్క వర్తించదు’ అన్న వాదన నిలవదు. మరి అంత గట్టి సూత్రం దేశం లెక్కలోకి వచ్చేసరికి ఎందుకు చిక్కిపోయింది? చట్టానికి పదేళ్లు నిండిన 1984లో అమెరికా జాతీయ పరిశోధన మండలి వేసిన అంచనా ప్రకారం రోజుకు సుమారు 1,67,000 పీపాలు మిగిలాయి. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ రోడ్ల మీద కాలే ఇంధనంలో అది దాదాపు రెండు శాతం. ఊళ్లలో సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోయే బండికి ఈ చట్టంతో పని లేదు. హైవే మీద కూడా అప్పటికే నెమ్మదిగా పోతున్నవాడి దగ్గర మిగిలేదేమీ లేదు. ఇక వేగంగా పోయేవాడు, వాడేమో మాట వినలేదు.

వినకపోవడం ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే మోంటానా చలానా చూడాలి. నిధులు పోతాయని ఆ రాష్ట్రం 55 బోర్డులు పాతింది గానీ, పగటిపూట దాటినవాడి మీద అతివేగం నేరం రాయలేదు. కొరతలో ఉన్న వనరును వృథా చేశాడని రాసి అయిదు డాలర్లు వసూలు చేసింది. అక్కడికక్కడే కట్టి, అదే వేగంతో సాగిపోవచ్చు. ఒక రకంగా ఆ చలానాయే నిజాయితీ అయిన కాగితం: చట్టం ఎందుకు పుట్టిందో అంత సూటిగా మరెక్కడా రాయలేదు. కేంద్రం తన వంతుగా 1979 నుంచి కొత్త కార్ల స్పీడోమీటరులో 55 అంకె ప్రస్ఫుటంగా కనిపించాలని, ముల్లు 85 దాటి చూపకూడదని నిబంధన తెచ్చి, రెండేళ్లు గడిచాక తానే వదులుకుంది. (గంటకు 88 మైళ్లు అందుకుంటే తప్ప కాలంలో వెనక్కి పోలేని సినిమా కారు అసలు మోడల్లో మీటరు 85 దగ్గరే ఆగిపోయేది.)

ఇంధనం వాదన ఇలా సడలిపోతుంటే చట్టాన్ని నిలబెట్టింది ఇంకొకటి. 1973లో అమెరికా రోడ్ల మీద 54,052 మంది చనిపోతే, 1974లో 45,196 మంది. జనం ఆ ఏడు తక్కువ తిరగడం కూడా ఒక కారణమే, అయినా పరిశోధన మండలి పరిమితి వల్లనే ఏటా 2,000 నుంచి 4,000 ప్రాణాలు దక్కుతున్నాయని లెక్కగట్టింది. ప్రయాణికులు అదనంగా రోడ్డు మీద గడిపింది ఏటా దాదాపు వంద కోట్ల గంటలు. ‘ఆ గంటల విలువ మిగిలిన చమురు కంటే ఎక్కువ’ అన్న ఆక్షేపణకు ఇంధనం పేరు మీద జవాబు దొరకదు, ప్రాణాల పేరు మీద దొరుకుతుంది. అయితే అలాంటప్పుడు చట్టాన్ని ప్రాణాల పేరు మీదే తిరిగి వాదించి, ఏ రోడ్డుకు ఎంత వేగమో ఆ దృష్టితోనే నిర్ణయించాల్సింది. అది చేయలేదు. 1987లో గ్రామీణ ఇంటర్‌స్టేట్‌ల మీద 65కి సడలించారు, 1995లో క్లింటన్ హయాంలో మొత్తం ఎత్తేశారు. ఇవాళ టెక్సస్‌లో ఆస్టిన్ పక్కగా పోయే ఒక టోల్ రోడ్డు మీద 85 మైళ్లు చట్టబద్ధం. ఈలోగా చమురును నిజంగా మిగిల్చిన పని వేరే చోట జరిగింది. 1975 డిసెంబరులో వచ్చిన మరో చట్టం కొత్త కార్ల సగటు మైలేజీని పదేళ్లలో రెట్టింపు చేసి గ్యాలనుకు 27.5 మైళ్లకు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లకు, తేవాలని కంపెనీల మెడ మీద కూర్చుంది. 1985 నాటికి కొత్త కార్లు దాదాపు అక్కడికి చేరాయి. ఆ ఆదాకు డ్రైవరు మనసు మారనక్కర్లేదు, హైవే పోలీసూ అక్కర్లేదు.

అందుకే నా వాదన ఇది: ఇంధనం కోసం వేగం తగ్గించడం రోజూ వేసుకునే మందు కాదు, జ్వరం వచ్చినప్పుడు వేసుకునేది. కార్లను మార్చడానికి పదేళ్లు పడుతుంది, బోర్డు మీది అంకె మార్చడానికి ఒక వారం చాలు. సరఫరా హఠాత్తుగా తెగినప్పుడు అంత త్వరగా పనిచేసే ఉపాయాలు చాలా తక్కువ. 2022 మార్చిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రకటించిన పది సూచనల్లో మొదటిది హైవేల మీద కనీసం 10 కిలోమీటర్ల వేగం తగ్గించడమే కావడానికి కారణం ఈ తొందరే. కానీ గడువు లేకుండా పెట్టిన పరిమితిని జనం రెండో ఏడు నుంచే నమ్మరు. మన దగ్గరైతే దాని ఫలం ఇంకా సన్నం. పెట్రోలులో సింహభాగం తాగేవి మోటారు సైకిళ్లు, స్కూటర్లు. లారీలు, బస్సులు 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ పెట్టాలన్న నిబంధన ఉండనే ఉంది. 2018లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు కేంద్రం ఇచ్చిన 120ని తిరిగి 100 చేస్తే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లాంటి కొన్ని చోట్ల తిరిగే కార్ల ట్యాంకుల్లో మాత్రమే తేడా కనిపిస్తుంది. ఆ పని చేయాలనుకుంటే ప్రమాదాల లెక్క చూపించి చేయడం మర్యాద.

గడువు పెట్టి చేసినవాళ్లు లేకపోలేదు. 2011లో లిబియా కల్లోలంతో చమురు ధర ఎగిసినప్పుడు స్పెయిన్ తన హైవేల మీద 120ని 110 చేసింది. కొత్త బోర్డులు పాతలేదు. మార్చి 7 నుంచి 110 అమల్లోకి వచ్చేలా ఉన్న బోర్డుల మీదే స్టిక్కర్లు అంటించారు. జూలై 1కి ఊడబీకారు. కింద 120 అలాగే ఉంది.