కుంపటి చుట్టూ బేస్‌బాల్ కబుర్లు

అమెరికాలో బేస్‌బాల్ సీజన్ అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో వరల్డ్ సిరీస్‌తో అయిపోతుంది. మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలయ్యేదాకా ఆట ఉండదు. ఆట ఉండదు గానీ మాటలు మాత్రం ఆగవు. ఆ నాలుగు నెలల కబుర్లకి వాళ్ళొక పేరు కూడా పెట్టుకున్నారు, "హాట్ స్టవ్ లీగ్" అని. నూరేళ్ళ కిందట పల్లెటూరి కిరాణా కొట్లో పొయ్యి చుట్టూ చేరి, బయట మంచు కురుస్తుంటే, పోయిన ఎండాకాలం ఆటల గురించి వాదించుకునేవాళ్ళట. మన రచ్చబండే, కాకపోతే చలి ఎక్కువ కాబట్టి మధ్యలో కుంపటి.

నాకీ గోల అంటుకున్నది మా క్లయింట్ టీమ్‌లో ఉన్న ఒక డెట్రాయిట్ పెద్దాయన వల్ల. డిసెంబర్లో రాత్రి తొమ్మిదికి కాల్ మొదలైతే, బిల్డ్ పూర్తయ్యేలోపు ఆయన చెప్పే కబుర్లు మూడే మూడు రకాలు: ఏ వ్యాఖ్యాత వెళ్ళిపోతున్నాడు, ఏ ఆటగాడు రిటైరవుతున్నాడు, ఒకప్పుడు "వీడు దేవుడు" అనుకున్న కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడు. మొదట్లో ఊఁ కొట్టేవాణ్ణి. తర్వాత చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అర్థమైందేమంటే, ఈ మూడూ వేరు వేరు కబుర్లు కావు.

ముందు గొంతుల సంగతి. బేస్‌బాల్ టీముకి సీజన్లో 162 మ్యాచులు. అంటే ఆరు నెలలపాటు దాదాపు రోజూ ఆటే. అన్ని మ్యాచులూ ఎవరూ కూర్చుని చూడలేరు. వంట చేస్తూ, కారు నడుపుతూ, గ్యారేజీలో ఏదో బాగుచేసుకుంటూ రేడియోలో వింటారు. అదే గొంతు, ఏటా 162 సార్లు, ముప్ఫై నలభై ఏళ్ళపాటు. ఆటగాళ్ళు వస్తారు పోతారు, ఇంట్లో ఉండిపోయేది ఆ గొంతు ఒక్కటే.

1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ మొట్టమొదటిసారి ఒక మేజర్ లీగ్ మ్యాచ్‌ని రేడియోలో వినిపించింది. చెప్పినాయన హెరాల్డ్ ఆర్లిన్, వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజినీరు. మనవాడే అన్నమాట :) తర్వాత ఆయన మనవడు స్టీవ్ ఆర్లిన్ శాన్ డియేగో టీములో పిచర్ అయ్యాడు. టీముల యజమానులకి మాత్రం రేడియో అంటే భయం. ఇంట్లో ఉచితంగా వినేవాడు టికెట్టు ఎందుకు కొంటాడు అని. న్యూయార్క్‌లోని మూడు టీములూ కూడబలుక్కుని 1934 నుంచి 1938 దాకా తమ మ్యాచులు రేడియోలో రాకుండా ఆపేశాయి. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1939లో ఆ కట్టు తెంచి, రెడ్ బార్బర్ అనే ఆయన్ని సిన్సినాటి నుంచి తెచ్చుకుంది. జనం తగ్గుతారన్న భయం నిజం కాలేదు. విన్నవాళ్ళు చూడ్డానికి కూడా వచ్చారు.

ఈ రెడ్ బార్బర్ ఉద్యోగం పోయిన తీరు చెప్పుకోవాలి. 1954లో ఆయన యాంకీస్‌కి మారాడు. 1966లో యాంకీస్ పట్టికలో అట్టడుగున పదో స్థానంలో ఉంది. టీము అప్పటికి సీబీఎస్ అనే టీవీ కంపెనీ చేతిలో ఉంది. సెప్టెంబరు 22న, అరవై వేలకి పైగా పట్టే యాంకీ స్టేడియంలో టికెట్టు కొని కూర్చున్నవాళ్ళు 413 మంది. బార్బర్ ఖాళీ కుర్చీలు చూపించమని కెమెరా వాళ్ళని అడిగాడు. చూపించలేదు. దాంతో ఇవాళ చెప్పుకోవలసింది ఆట గురించి కాదు, రాని జనం గురించే అని ఆయనే మైకులో చెప్పేశాడు. కొద్ది రోజులకి కాంట్రాక్టు పొడిగించడం లేదని చెప్పారు. యాంకీస్ ఆటకి పాతికేళ్ళు గొంతైన మెల్ అలెన్‌ని దానికి రెండేళ్ళ ముందే, 1964లో, కారణం కూడా చెప్పకుండా పంపించేశారు. ప్రొడక్షన్ డౌనైతే డౌనైందని చెప్పినవాడి మీదే ఎస్కలేషన్ రావడం మనకేం కొత్త కాదు, అందుకే నాకీ బార్బర్ అంటే ప్రత్యేకమైన అభిమానం.

ఇక మా డెట్రాయిట్ పెద్దాయనకి దేవుడి తర్వాత దేవుడు ఎర్నీ హార్‌వెల్. ఈయన మేజర్ లీగ్‌లోకి వచ్చిన కథ విని నేను నమ్మలేదు. 1948లో బ్రూక్లిన్‌లో రెడ్ బార్బర్‌కి అల్సర్ ముదిరి ఆస్పత్రి పాలయ్యాడు. హార్‌వెల్ అప్పుడు అట్లాంటా క్రాకర్స్ అనే మైనర్ లీగ్ టీముకి చెబుతుండేవాడు. అతన్ని ఇమ్మని బ్రూక్లిన్ అడిగితే, ఊరికే ఇవ్వం, మాకొక క్యాచర్ కావాలి అంది అట్లాంటా. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. అలా క్లిఫ్ డాపర్ అనే ఆటగాణ్ణిచ్చి వ్యాఖ్యాతని తీసుకున్నారు. మేజర్ లీగ్ చరిత్రలో ఆటగాడికి బదులుగా మారిన వ్యాఖ్యాత హార్‌వెల్ ఒక్కడే.

అందరూ ఇక్కడ హార్‌వెల్ గురించి నవ్వుకుని వెళ్ళిపోతారు. నాకు డాపర్ దగ్గర ఆగాలనిపిస్తుంది. డాపర్ 1942లో డాడ్జర్స్‌కి 8 మ్యాచులాడాడు. 17 సార్లు బ్యాటింగ్, 8 హిట్లు. సగటు .471. మూడొందలు దాటితేనే గొప్ప అనుకునే ఆటలో అది ఏ లెక్కకీ అందనిది. తర్వాత యుద్ధం, నేవీ. తిరిగొచ్చాక మళ్ళీ ఎప్పుడూ మేజర్ లీగ్ మైదానంలో అడుగు పెట్టలేదు. ఆ 17 సార్లే ఆయన మొత్తం రికార్డు. చివరికి ఒక గొంతుకి ధరగా ఆయన పేరు చరిత్రలో మిగిలింది. ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడింది 2002లో, డెట్రాయిట్ స్టేడియంలో హార్‌వెల్ విగ్రహం పెట్టినప్పుడు. యాభై నాలుగేళ్ళ తర్వాత.

హార్‌వెల్ 1960 నుంచి డెట్రాయిట్ టైగర్స్‌కి చెప్పాడు. 1990 డిసెంబర్లో, అంటే సరిగ్గా కుంపటి కబుర్ల సీజన్లో, 1991 మీకు ఆఖరి ఏడాది అని టీమూ రేడియో స్టేషనూ కలిసి ఆయనకి చెప్పాయి. ఊరు ఊరంతా మండిపడింది. అదే టీము ఎంతమంది ఆటగాళ్ళని అమ్మేసినా నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకున్న జనం, ఈ విషయంలో మాత్రం ఊరుకోలేదు. అప్పటి యజమాని డామినోస్ పిజ్జా పెట్టినాయన. 1992లో టీముని కొన్నది లిటిల్ సీజర్స్ పిజ్జా ఆయన. కొత్త పిజ్జా ఆయన 1993లో హార్‌వెల్‌ని వెనక్కి తెచ్చాడు. మా పెద్దాయన ఇప్పటికీ డామినోస్ తినడు. మేం హైదరాబాద్ ఆఫీసులో టీమ్ పార్టీకి ఏం తెప్పించామో ఆయనకి చెప్పం :) హార్‌వెల్ 2002లో తనంతట తను రిటైరయ్యాడు. 2010 మేలో చనిపోతే ఆయన్ని స్టేడియంలోనే ఉంచారు, వేలమంది వరసలో నిలబడి చూసి వెళ్ళారు.

విన్ స్కల్లీ కథలో ఇంత గొడవ లేదు, కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద అన్యాయం అందులోనే ఉంది. 1950లో 22 ఏళ్ళ వయసులో బ్రూక్లిన్‌లో బార్బర్ పక్కన కూర్చున్నాడు. 1958లో డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కి మారితే తనూ వెళ్ళాడు. అక్కడ మొదటి నాలుగేళ్ళూ ఆడింది కొలీజియంలో. అది ఒలింపిక్స్ కోసం వాడిన స్టేడియం, తొంభై వేల మంది పడతారు. వెనక కూర్చున్నవాడికి ఆటగాళ్ళు చీమల్లా కనిపించేవాళ్ళు. అప్పుడే ట్రాన్సిస్టర్ రేడియోలు చవకయ్యాయి. జనం ట్రాన్సిస్టర్లు వెంట తెచ్చుకుని, కళ్ళ ముందు జరుగుతున్న ఆటని స్కల్లీ గొంతులో విన్నారు. మైదానంలో వేల ట్రాన్సిస్టర్లలోంచి ఒకటే గొంతు. ఆయనలో ఇంకో గొప్పతనం, నోరు మూసుకోవడం తెలియడం. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటితే, స్కల్లీ కాసేపు మైకు వదిలేసి జనం హోరునే వినిపించాడు. మన టీవీ వ్యాఖ్యాతలకి ఎవరైనా ఆ టేపు పంపిస్తే బాగుండు.

67 సీజన్లు చెప్పాడు, 2016 దాకా. మరి ఆ ఆఖరి మూడేళ్ళూ ఏం జరిగిందో తెలుసా? 2014 నుంచి డాడ్జర్స్ మ్యాచులు 25 ఏళ్ళకి 835 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఒక కేబుల్ కంపెనీ ఛానెల్‌కి వెళ్ళిపోయాయి. ఆ ఛానెల్ అడిగిన రేటు మిగతా కేబుల్, డిష్ కంపెనీలు ఇవ్వమన్నాయి. దాంతో లాస్ ఏంజెలెస్‌లో సగానికి పైగా ఇళ్ళకి స్కల్లీ టీవీలో రావడం మానేశాడు. రేడియోలో ఆయన చెప్పేది మొదటి మూడు ఇన్నింగ్సే. ఆఖర్న కొద్ది మ్యాచులు మాత్రం మామూలు ఛానెల్లో వేశారు. ఆ రేటు గొడవ పూర్తిగా తెమిలింది 2020లో. 2022 ఆగస్టు 2న ఆయన పోయారు, 94 ఏళ్ళు. అరవై ఏళ్ళపాటు ఒక ఊరికి అలవాటైన గొంతుని ఒక ధర పట్టిక అడ్డుపెట్టి ఆపేయొచ్చన్నది నాకిప్పటికీ మింగుడు పడదు.

అన్నట్టు, స్కల్లీ గొంతుకి ఇంకో జంట గొంతు ఉండేది. ఈక్వడార్ నుంచి వలసవచ్చిన హైమే హరీన్, 1959 నుంచి 2022 దాకా డాడ్జర్స్‌కి స్పానిష్‌లో చెప్పాడు. మొదట్లో స్పానిష్ వాళ్ళని బయట ఊళ్ళకి పంపేవాళ్ళు కాదు. స్టూడియోలో కూర్చుని, ఇంగ్లీషు ప్రసారం చెవిలో పెట్టుకుని, అప్పటికప్పుడు స్పానిష్‌లో ఆటని మళ్ళీ కట్టేవాళ్ళు. ఐపీఎల్‌ని తెలుగులో వింటూ "ఏవిటీ భాష" అని విసుక్కునేవాళ్ళు (నేనూ అందులో ఉన్నాను) ఒకసారి ఆ స్టూడియోని ఊహించుకోవాలి.

రిటైర్మెంట్ల గురించి ఎక్కువ రాయను, అందులో చాలావరకు పూలదండల వ్యవహారమే. ఒక్కటి చెప్తాను. శాండీ కోఫాక్స్, 1966లో 27 గెలుపులు, తన జీవితంలోకెల్లా మంచి ఏడాది. నవంబరు 18న, 30 ఏళ్ళకే, ఇక చాలన్నాడు. ఎడమ మోచేతిలో కీళ్ళవాతం. నొప్పికి సూదులు, మాత్రలు వేసుకుని ఆడుతున్నాడు. ఆ తర్వాత ఎన్‌బీసీ టీవీ పదేళ్ళకి పది లక్షల డాలర్లిచ్చి వ్యాఖ్యాతగా పెట్టుకుంది. మైకు ముందు ఆయనకి కుదరలేదు. సగంలోనే, 1973 సీజన్ మొదలవకముందే, వదిలేసుకున్నాడు. రెండుసార్లూ తనంతట తనే లేచి వెళ్ళిపోయాడు, అందుకే కాబోలు ఆ పేరు వినగానే పెద్దవాళ్ళ గొంతు మారిపోతుంది. బాబ్ యూకర్‌ది దీనికి తిరగేసిన కథ. ఆటగాడిగా సగటు సరిగ్గా .200, అంటే అంతంతమాత్రం. మైకు పట్టాక మిల్వాకీలో 1971 నుంచి 2024 సీజన్ దాకా చెప్పి, 2025 జనవరిలో పోయాడు.

ఇక కుర్రాళ్ళు. ఇక్కడ ఒక చిన్న వివరణ. బేస్‌బాల్లో ఏటా డ్రాఫ్ట్ ఉంటుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే, కాకపోతే కంపెనీ నిన్ను ఎంచుకుంటుంది, నువ్వు కంపెనీని ఎంచుకోలేవు. ఎంచుకున్నాక మైనర్ లీగుల్లో ఏళ్ళ తరబడి నలుగుతారు. ఎక్కువమంది పైకి రారు.

స్టీవ్ డాల్కౌస్కీ అని ఒకడు, బాల్టిమోర్ వాళ్ళ కుర్రాడు. వాడంత వేగంగా బంతి వేసినవాణ్ణి చూడలేదని ఆ కాలం వాళ్ళంతా చెప్తారు. బంతి ఎటు పోతుందో మాత్రం వాడికే తెలీదు. 1960లో స్టాక్టన్ టీముకి 170 ఇన్నింగ్సులో 262 స్ట్రైకౌట్లు, సరిగ్గా 262 వాకులు. మూడేళ్ళకి బంతి అదుపులోకొచ్చింది, 1963 మార్చిలో మేజర్ లీగ్ టీములోకి వెళ్ళబోతున్నాడు, మోచెయ్యి పోయింది. తర్వాత కాలిఫోర్నియా తోటల్లో కూలిపని, తాగుడు. 2020 ఏప్రిల్లో కోవిడ్‌తో పోయాడు. బ్రియన్ టేలర్ 1991లో డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైనవాడు. తల్లి గట్టిగా బేరమాడి యాంకీస్ చేత 15.5 లక్షల డాలర్లు ఇప్పించింది. 1993 డిసెంబర్లో, ఆట లేని రోజుల్లోనే, తమ్ముడో అన్నో గొడవలో ఉంటే అడ్డం వెళ్ళి భుజం పోగొట్టుకున్నాడు. పైకి రానేలేదు.

మనవాళ్ళు కూడా ఉన్నారు ఇందులో. 2008లో "మిలియన్ డాలర్ ఆర్మ్" అని మన దేశంలో పోటీ పెట్టి వేలమందిని వడకట్టి ఉత్తరప్రదేశ్ నుంచి ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళని తీసుకెళ్ళారు, రింకూ సింగ్, దినేశ్ పటేల్. అదే ఏడు నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంతకం చేయించుకుంది. దినేశ్‌ని 2010 డిసెంబర్లో వదిలేశారు. రింకూ గాయాలతో కుస్తీపడీపడీ చివరికి 2018లో నిజంగానే కుస్తీలోకి, డబ్ల్యూడబ్ల్యూఈలోకి వెళ్ళిపోయాడు. 2014లో సినిమా వచ్చింది, సంగీతం రెహమాన్. సినిమా సంతకం దగ్గర ఆగిపోతుంది, మైనర్ లీగ్ దాకా రాదు.

మైనర్ లీగ్ సంగతి సినిమాకి పనికిరాదు మరి. చాలా ఏళ్ళపాటు ఆ కుర్రాళ్ళకి జీతం ఉండింది సీజన్లో మాత్రమే. చలికాలమంతా సాధన చేస్తూ ఉండాల్సి వచ్చేది, పైసా వచ్చేది కాదు. గోడౌన్లలో, డెలివరీల్లో పనిచేసుకునేవాళ్ళు. మనం కుంపటి చుట్టూ "వాడు ఎదుగుతాడా" అని వాదించుకుంటుంటే వాడు ఎక్కడో పెట్టెలు మోస్తుండేవాడన్నమాట. 2018లో వాళ్ళకి ఓవర్‌టైం చట్టాలు వర్తించవని ఏకంగా అమెరికా పార్లమెంటు చేతే రాయించుకున్నారు. 2021కి మైనర్ టీముల్ని 160 నుంచి 120కి కోసేశారు. కుర్రాళ్ళు వేసిన కేసులో 2022లో లీగు 18.5 కోట్ల డాలర్లకి రాజీపడింది. 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం వచ్చి, పై మెట్టులో ఏడాదికి 17,500 డాలర్లున్న కనీస జీతం 35,800 అయింది.

మార్క్ ఆపెల్ 2013లో హ్యూస్టన్ వాళ్ళు మొట్టమొదట ఎంచుకున్న పిచర్. చెయ్యి సహకరించలేదు, మార్కులు పడలేదు. 2018 ఫిబ్రవరిలో వదిలేశాడు. ఆ తర్వాత మూడేళ్ళు చలికాలపు కబుర్లలో డబ్బు తగలేసిన ఎంపికల జాబితా చదివితే అందులో వీడి పేరు మొదట్లోనే ఉండేది. 2021లో మళ్ళీ వచ్చి ఫిలడెల్ఫియా మైనర్ టీములో చేరాడు. 2022 జూన్ 29న అట్లాంటా మీద తొమ్మిదో ఇన్నింగ్సు వేయడానికి పిలిచారు. పరుగు ఇవ్వలేదు. అప్పటికి వయసు 30, డ్రాఫ్టయి తొమ్మిదేళ్ళు.