ఇహ్సా అంటే లెక్కించడమే

మొన్న రాత్రి మా పెద్దమ్మాయి ఇంటర్ లెక్కల పుస్తకం టప్పున మూసేసింది. "అబ్బా, ఈ డెరివేటివ్స్ నా వల్ల కావు. ఎంపీసీ వదిలేస్తా" అంది. గుండె కలుక్కుమంది. ముప్పై ఏళ్ల కింద సరిగ్గా ఆ మాటే నేను మా అబ్బాతో అన్నాను.

పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో హిసాబ్ నాకు ఇష్టమైన సబ్జెక్టు. ఇంటర్‌లో అంతా ఒక్కసారి ఇంగ్లీషైపోయింది. లెక్చరర్ "డీవై బై డీఎక్స్" అంటుంటే, అదేంటని అడగడానికి కూడా నా దగ్గర మాట లేదు. నెల తిరక్కుండా ఆర్ట్స్‌కి మారిపోయా. తెలుగు సాహిత్యం చదివినందుకు అఫ్సోస్ లేదు. కానీ "ఉర్దూలో షాయరీ వస్తుంది గానీ లెక్కలేం వస్తాయి" అనే తానా మాత్రం చాలాకాలం నిజమే అనుకున్నా. తారీఖ్ తిరగేస్తే అది శుద్ధ అబద్ధం.

1821లో పానిపట్‌లో పుట్టిన మాస్టర్ రామచంద్ర ఢిల్లీ కాలేజీలో ఉస్తాద్. అక్కడ కొత్త సైన్సు పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. ఆయనను ఒక ఫికర్ పట్టుకుంది: కాల్క్యులస్ మన పిల్లలకు పరాయిది, కానీ జబర్ ముకాబలా, అదే బీజగణితం, పరాయిది కాదు. తెలిసిన దారిలోనే కొత్త ఊరికి తీసుకెళ్లలేమా? 1850లో కలకత్తాలో సొంత ఖర్చుతో ఇంగ్లీషులో ఒక కితాబ్ అచ్చేశాడు. గరిష్ఠ కనిష్ఠాల లెక్కలను కాల్క్యులస్ లేకుండా, బీజగణితంతోనే చేసి చూపించాడు.

ఉదాహరణకు 10ని రెండు భాగాలు చేసి గుణిస్తే ఎక్కువలో ఎక్కువ ఎంత వస్తుంది? లబ్ధం 26 కావాలని సమీకరణం రాస్తే వర్గమూలం లోపల మైనస్ వస్తుంది, అంటే కుదరదు. 25 దగ్గర అది సరిగ్గా సున్నా. కాబట్టి 25 దాటదు, భాగాలు 5, 5. అదీ ఆయన తరీఖా. లండన్‌లో అగస్టస్ డి మోర్గాన్ అంతటి గణితవేత్త ముగ్ధుడై, 1859లో తన ముందుమాటతో ఆ కితాబ్‌ను అక్కడ మళ్లీ అచ్చు వేయించాడు.

ఇక మన హైదరాబాద్. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నాజిమ్. పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయాలంటే ముందు మాటలు కావాలి. కాల్క్యులస్‌కు ఉర్దూలో ఇహ్సా అన్నారు, లిమిట్ హద్ అయింది, డెరివేటివ్ ముష్తఖ్ అయింది. ఇహ్సా అంటే లెక్కించడం. తెలుగులో కలన గణితం అంటాం, కలనమన్నా లెక్కించడమే. లాటిన్‌లో కాల్క్యులస్ అంటే లెక్కపెట్టుకునే గులకరాయి. మూడు జబాన్లు, ఒకే మాట! ఆ ఉర్దూ క్లాసుల్లో చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జ్ వెళ్లాడు, లైప్జిగ్‌లో హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశాడు, తిరిగొచ్చి ఉస్మానియాలోనే గణితం చెప్పాడు. ఉర్దూ ఆయనకు అడ్డు కాలేదు, మెట్టు అయింది.

ఈ కిస్సా అంతా మా అమ్మాయికి చెప్పి, ఇద్దరం ఫోన్ ముందు కూర్చున్నాం. ఇప్పుడు ఇల్మ్‌కు కరువు లేదు. ఖాన్ అకాడమీ ఉంది. 2004లో సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) దూరాన ఉన్న చుట్టాలమ్మాయికి లెక్కలు చెప్పడంతో మొదలైంది అది. త్రీ బ్లూ వన్ బ్రౌన్ వీడియోలు బొమ్మలతో అసలు ఆలోచనను చూపిస్తాయి. జియోజీబ్రాలో గ్రాఫ్‌ను మన వేలితోనే కదిలించొచ్చు. ఎంఐటీ పాఠాలు కూడా ముఫ్త్. కానీ పిల్లకు తెలిసిన చోట నుంచి మొదలు పెట్టకపోతే వెయ్యి వీడియోలైనా ఒక్కటే. వంద వెతకొద్దు, ఒక్కటి పట్టుకోండి. మధ్యలో ఆపి, "ఇది మన మాటల్లో చెప్పు బేటా" అనండి. మీకు లెక్కలు రాకపోయినా పర్వాలేదు, పక్కన కూర్చుంటే చాలు.

మేం రామచంద్ర 10 లెక్కనే జియోజీబ్రాలో గీశాం. గుట్టలాంటి వంపు వచ్చింది. కొన మీద గీత పడుకున్నట్టు సమంగా ఉంది.

"అబ్బా, అక్కడ వాలు సున్నా కదా! డెరివేటివ్ సున్నా అంటే ఇదేనా? ఆ 5 దగ్గరేనా?"

"అవును బేటా" అన్నాను. ముప్పై ఏళ్ల తర్వాత నాకూ అప్పుడే అర్థమైంది.