నాలుగు రంగుల స్క్రీన్ ప్రింటింగ్ (నూలు చొక్కాలపై)

ఫొటోలను, ఛాయలు ఒకదానిలో ఒకటి కలిసిపోయే బొమ్మలను సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులతోనే టీషర్టులపై అచ్చువేసే పద్ధతి. బొమ్మను కంప్యూటర్‌లో నాలుగు రంగులుగా విడదీసి, ఒక్కోదాన్ని సన్నని చుక్కలుగా ఫిల్మ్ తీసి, విడివిడి స్క్రీన్లపై ఎక్స్‌పోజ్ చేస్తారు. ఇంకులు పారదర్శకం కాబట్టి తెల్ల బట్టే అనువు; ముదురు చొక్కాకైతే అడుగున తెలుపు వేయాలి.

నేర్చుకునేవారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేది చుక్కలే. కాగితంపై అంగుళానికి 150 వరుసల చుక్కలు మామూలే. బనియన్ బట్టపై సాధారణంగా 45 నుంచి 65 వరకే వాడతారు. ఇంకు పోగుల్లోకి పాకి చుక్క ఉబ్బుతుంది, బొమ్మ నల్లబడుతుంది. అందుకే ఫిల్మ్ తీయకముందే మధ్య ఛాయలను పలచన చేసుకోవాలి. వరుసల కోణాలు ఒకదానితో ఒకటి గానీ, స్క్రీన్ గుడ్డ పోగులతో గానీ పొసగకపోతే మోరే అనే అలల చారలు తేలతాయి. సయాన్, మజెంటా, నలుపుల మధ్య 30 డిగ్రీల తేడా ఉంచడం పాత నియమం. స్క్రీన్‌కు అంగుళానికి 300 పోగుల గుడ్డ, గట్టి బిగువు కావాలి. పసుపు ముందు, నలుపు చివర వేయడం ఎక్కువ వాడుక. సాధనను మనిషి ముఖంతో మొదలుపెట్టడం తొందరపాటే. చర్మపు రంగులో చిన్న తేడా కూడా కంటికి తెలిసిపోతుంది. టీషర్టులకు వాడే ప్లాస్టిసాల్ ఇంకు గాలికి ఆరదు, సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి.