మిసెస్ హిల్ రాసిన ఉత్తరం

సీరియల్ చదివేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అనుమానమే ఇది. ఈ రచయిత కథంతా ముందే అనుకుని రాస్తున్నాడా, లేక ఏ వారానికావారం తోచింది రాసి పంపేస్తున్నాడా అని. మొదట్లో హడావిడి చేసిన హీరోయిన్ మేనమామ పదో వారంనించీ అయిపు లేకుండా పోతే ఆ అనుమానం మరీ బలపడుతుంది.

ఈ విషయంలో చార్లెస్ డికెన్స్ సంగతి నాకు మహా సరదా. ఆయన రెండు దారులూ తొక్కి చూశాడు.

1836లో ‘పిక్విక్ పేపర్స్’ మొదలుపెట్టేనాటికి ఆయనకు 24 ఏళ్లు. అసలు అది నవలగా పుట్టలేదు. సీమోర్ అనే చిత్రకారుడి బొమ్మలకు తోడుగా నెలనెలా కాసిని కబుర్లు రాయాలి, అంతే. రెండో సంచిక రాకుండానే పాపం ఆ సీమోర్ ఆత్మహత్య చేసుకున్నాడు. బండి లాగే భారమంతా డికెన్స్ మీద పడింది. నాలుగో సంచికలో బూట్లు తుడిచే సామ్ వెల్లర్‌ని తెచ్చాడు. జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. మొదట్లో వందల్లో పోయిన సంచిక చివరికి 40,000 ప్రతులకెక్కింది! తోచింది రాసుకుపోయేవాడికి ఇలాంటి అదృష్టాలూ తగులుతాయి. కష్టాలూ అంతే. 1837 మే నెలలో 17 ఏళ్ల మరదలు మేరీ హఠాత్తుగా పోయింది. ఆ దుఃఖంలో కలం కదల్లేదు. ముందుగా రాసిపెట్టుకున్నదేమీ లేదు మరి, జూన్ సంచిక రానే లేదు.

పదేళ్లు తిరిగేసరికి మనిషి మారాడు. 1846లో ‘డాంబీ అండ్ సన్’ దగ్గరనించీ సంచికకో కాగితం చొప్పున పెట్టుకున్నాడు. దానికి మధ్యలో మడత. కుడివైపు అధ్యాయాలు, వాటిల్లో జరగాల్సినవీ. ఎడమవైపు తనని తాను అడుక్కున్న ప్రశ్నలు. ఫలానా మనిషిని ఈ నెల తేవాలా? పక్కనే జవాబు: తేవాలి, వద్దు, ఇప్పుడే కాదు. పచారీ చీటీ రాసుకునే ఇల్లాలికి ఈ పద్ధతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంత పకడ్బందీగా రాస్తున్న రోజుల్లోనే ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ 1849 డిసెంబరు సంచికలో మిస్ మౌచర్ వచ్చింది. బాగా పొట్టి మనిషి, గొప్పవాళ్ల జుట్టు దువ్వుతూ ఊరందరి కబుర్లూ చెప్పే వాగుడుకాయ. ఆమెని చెడ్డదానిగా నడిపించాలని డికెన్స్ ఉద్దేశం.

ఆయన ఇంటికి దగ్గర్లోనే మిసెస్ హిల్ అని ఒకావిడ ఉండేది. ఆవిడా అంతే పొట్టి. పాదాల కాయలకు వైద్యం చేసి, గోళ్లు తీర్చి బతికేది. ఆ సంచికలో తన్ను తాను చూసుకుంది! రేపటినించీ ఏ ఇంటి గడప ఎక్కినా నవ్వుతారు కదా? కడుపు మండి డికెన్స్‌కే ఉత్తరం రాసింది. ఆయన బుకాయించలేదు. కొంతవరకు మిమ్మల్ని చూసే రాశానని ఒప్పుకుని, కథ ఎలా అనుకున్నా సరే, మార్చేస్తానని మాటిచ్చాడు.

1850 మార్చి సంచికలో మిస్ మౌచర్ కన్నీళ్లతో తిరిగొచ్చింది. ఒళ్లు చూసి మనసుని అంచనా కట్టొద్దని డేవిడ్‌ని నిలదీసింది. నిజం చెప్పాలంటే అక్కడ అతుకు తెలిసిపోతుంది, ముందటి మౌచర్ ఈవిడేనా అనిపిస్తుంది. అనిపిస్తే అనిపించనివ్వండి! నాకు ఆ అతుకే ఇష్టం. ఆ నవంబరులో వచ్చిన ఆఖరి సంచికలో, మారువేషంలో పారిపోతున్న లిటిమర్ అనే దుర్మార్గుణ్ణి పోలీసులొచ్చేదాకా పట్టు వదలకుండా పట్టుకున్నది ఎవరనుకున్నారు? మన మిస్ మౌచరే.