మంచు కొండకి మొదటి మెట్టు భువనగిరి గుట్ట

పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు మంచు అంటే ఫ్రిజ్‌లో గీకేదే కదా. మరి మనోళ్లు ఎవరెస్ట్ ఎక్కడం ఎక్కడ మొదలుపెట్టారు? భువనగిరి గుట్ట మీద! గురుకులం పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తాడు పట్టింది అక్కడే. ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లో మంచు ట్రైనింగ్.

పూర్ణకి 16 ఏళ్లు నిండలేదు, నేపాల్ రూల్ ఒప్పుకోదు. అందుకే టిబెట్ దారి పట్టారు. ఆ సీజన్‌లోనే, 2014 ఏప్రిల్ 18 పొద్దున, నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచుపెళ్లలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ట్రైనింగ్ లేకనా? కాదు, అసలు ఎక్స్‌పర్టులు వాళ్లే. కానీ క్లయింట్ల సామాను మోస్తూ ఆ ప్రమాదపు చోటుని పదేపదే దాటాల్సింది కూడా వాళ్లే.

మే 25న మన పిల్లలిద్దరూ శిఖరం మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు.